కోయంబత్తూరు కుటుంబ రేసింగ్ జట్లు

కోయంబత్తూరు కుటుంబ రేసింగ్ జట్లు తమిళనాడులోని కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు మూలాలున్న పారిశ్రామిక కుటుంబాలు నడిపిన కారు పందేల జట్లు. కార్ల కంపెనీల అండ లేకుండా, సొంత డబ్బుతో, సొంత షెడ్లలో ఇవి నడిచాయి. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ (1954–1995), ఎల్.జి.బి. సంస్థకు చెందిన బి. విజయకుమార్, ర్యాలీ డ్రైవరు జి.ఆర్. కార్తికేయన్, ఆయన కుమారుడు నారాయణ్ కార్తికేయన్ ఈ చరిత్రలో ముఖ్యులు. రోడ్డు మీద తిరిగే మామూలు కారు ఇంజిన్‌తో చవకగా రేసు కారు తయారుచేయడం వీరి ప్రధాన కృషి. భారత్ నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన తొలి ఇద్దరు డ్రైవర్లూ ఆ చవక కార్లలోనే ఓనమాలు దిద్దుకున్నారు.

నేపథ్యం

విజయనగర, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి వలస వెళ్లిన తెలుగువారిలో కొందరు కోయంబత్తూరు ఉన్న కొంగునాడులో భూములు సాగుచేసుకుంటూ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే ఈ నాయుడు కుటుంబాలు 20వ శతాబ్దంలో పత్తి సేద్యం నుంచి నూలు మిల్లులకు, అక్కడి నుంచి యంత్రాల తయారీకి మళ్లాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించారు. జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టి దాన్ని యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెంచారు. ఎల్.జి. బాలకృష్ణన్ నాయుడు 1937లో ప్రారంభించిన రవాణా సంస్థే తరువాత రోలాన్ పేరుతో గొలుసులు తయారుచేసే ఎల్.జి.బి.గా ఎదిగింది. అదే 1937లో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారును తయారుచేశారు.

మిల్లులకు, పంపుసెట్లకు విడిభాగాలు కావాలి కాబట్టి ఊళ్లో ఫౌండ్రీలు, లేత్ షెడ్లు పుట్టుకొచ్చాయి. పోతపోసేవాడు, మిల్లింగ్ చేసేవాడు, వెల్డరు ఒకే ఊళ్లో దొరికేవారు. రేసు కారు కట్టడానికి కావలసిన చేతిపని అలా ముందే సిద్ధమైంది. కారు విడిభాగాల దిగుమతి మీద పెద్ద సుంకాలు, లైసెన్సు నిబంధనలు ఉన్న రోజుల్లో ఆ పనివాళ్లే ఈ జట్లకు బలమయ్యారు.

షోలవరం రోజులు

1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, నగరానికి ఉత్తరాన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన షోలవరం రన్‌వే మీద పందేలు నిర్వహించేది. అక్కడ రెండు రకాల పోటీదారులు తలపడేవారు. విజయ్ మాల్యా వంటి శ్రీమంతులు విదేశాల నుంచి తెప్పించిన పాత ఫార్ములా కార్లతో వచ్చేవారు. మాల్యా నడిపింది ఎన్సైన్ కారు. మిగతావారు ఇక్కడ దొరికే ఫియట్, అంబాసిడర్, హెరాల్డ్ కార్లనే విప్పి, బరువు తగ్గించి, ఇంజిన్ సవరించి పందెంలో దించేవారు.

ఈ రెండో దారి అమెరికాలోని స్టాక్ కార్ రేసింగ్‌కు దగ్గరిది. అక్కడ 1948లో బిల్ ఫ్రాన్స్ స్థాపించిన నాస్కార్, 1949లో షోరూముల్లో దొరికే కార్లకే పరిమితమైన పందేలను మొదలుపెట్టింది. షెడ్డే కార్యాలయంగా, అన్నదమ్ములే మెకానిక్కులుగా సాగిన కుటుంబ జట్లు ఆ క్రీడలో చాలాకాలం గెలుస్తూ వచ్చాయి. వర్జీనియాలో 1950లో మొదలైన వుడ్ బ్రదర్స్ ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

కరివర్ధన్ షోలవరంలో పేరు తెచ్చుకున్నది కూడా ఇలా మార్చిన కారుతోనే. ‘బ్లాక్ బ్యూటీ’ అని పిలిచిన ఆయన ఫియట్ అప్పటి అభిమానులకు బాగా గుర్తు. లక్ష్మీ మిల్స్ వారసుడిగా ఖరీదైన కారు తెప్పించుకునే స్తోమత ఆయనకు ఉంది. అయినా ఆయన ధ్యాసంతా తయారీ మీదే ఉండేది.

ఫార్ములా మారుతి

1983 చివర్లో వచ్చిన మారుతి 800తో దేశంలో తేలికైన, నమ్మదగిన ఇంజిన్ ఒకటి విరివిగా దొరకసాగింది. ఆ 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్‌ను ఆధారం చేసుకుని కరివర్ధన్ 1988లో ఒంటి సీటు రేసు కారును రూపొందించారు. దాన్ని ఫార్ములా మారుతి అన్నారు.

వేగంలో ఇది విదేశీ కార్లకు సాటి కాదు. దీని విలువ వేరేచోట ఉంది. పాడైన భాగం మారుతి స్పేర్ పార్టుల దుకాణంలో దొరికేది. మామూలు మెకానిక్కు కూడా విప్పి బిగించగలిగేవాడు. కార్లన్నీ ఒకే మూసవి కావడంతో ముందెవరు, వెనకెవరు అన్నది డబ్బును బట్టి కాక నడిపేవాడి నేర్పును బట్టి తేలేది. తనకో కారు చేసుకుని ఊరుకోకుండా ఇతరులకూ తయారుచేసి ఇచ్చి, కరివర్ధన్ తన పోటీదారులను తానే తయారుచేసుకున్నారు. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ క్లబ్ శాశ్వత ట్రాక్ నిర్మించాక షోలవరం పందేలు ఆగిపోయాయి. కొత్త ట్రాక్ మీద ఫార్ములా మారుతి తరగతి నిలదొక్కుకుంది.

1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయనకు దాదాపు నలభై ఏళ్లే. ఒక మనిషి ఆసక్తి, ఒక కుటుంబం డబ్బు మీద ఆధారపడిన పని ఆ మనిషితోనే ముగియడం ఇలాంటి జట్లకు మామూలే. కోయంబత్తూరులో అలా జరగకపోవడానికి కారణం పక్కనే ఇంకో కుటుంబం ఉండటం.

కరి మోటార్ స్పీడ్‌వే

ఎల్.జి.బి.కి చెందిన మాజీ రేసరు విజయకుమార్, కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళయం వద్ద చిన్న విమానాల కోసం వేసిన రన్‌వేను విస్తరించి 2.1 కిలోమీటర్ల ట్రాక్‌గా మార్చారు. 2003లో ప్రారంభమైన ఈ ట్రాక్‌కు కరివర్ధన్ పేరిట కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. ఎల్.జి.బి. కూడా మారుతి ఇంజిన్లతోనే కొత్త తరం ఫార్ములా కార్లను తయారుచేసింది. ఎల్.జి.బి. ఫార్ములా 4 నేటికీ జాతీయ చాంపియన్‌షిప్‌లో ఒక తరగతి. జె.కె. టైర్, ఎం.ఆర్.ఎఫ్. వంటి టైర్ల కంపెనీలు పోటీల ఖర్చులో పెద్ద భాగం మోస్తున్నా, కారు, ట్రాక్ మాత్రం ఈ కుటుంబాల నుంచి వచ్చినవే.

నారాయణ్ కార్తికేయన్

దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచిన జి.ఆర్. కార్తికేయన్ ఇంట్లో 1977లో నారాయణ్ పుట్టారు. శ్రీపెరంబుదూరులో ఫార్ములా మారుతితో తొలి పందెం ఆడి పోడియం ఎక్కారు. ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ స్కూల్లో శిక్షణ పొంది, బ్రిటన్‌లో పోటీపడి, 1996లో ఫార్ములా ఆసియా చాంపియన్ అయ్యారు. 2005 మార్చిలో జోర్డాన్ జట్టు తరఫున మెల్‌బోర్న్‌లో దిగి తొలి భారతీయ ఫార్ములా వన్ డ్రైవరుగా నిలిచారు. టైర్ల వివాదంతో ఆరు కార్లే పరుగెత్తిన ఆ ఏటి అమెరికా గ్రాండ్ ప్రీలో నాలుగో స్థానంలో నిలిచి 5 పాయింట్లు సాధించారు. 2010లో ఫార్ములా వన్‌కు చేరిన రెండో భారతీయుడు కరుణ్ చందోక్ కూడా ఫార్ములా మారుతితోనే కార్ల పందేల్లోకి వచ్చారు.

2010లో నారాయణ్ అమెరికా స్టాక్ కార్ రంగంలోనూ అడుగుపెట్టారు. ఆయనకు నాస్కార్ ట్రక్ సిరీస్‌లో అవకాశమిచ్చిన వైలర్ రేసింగ్ ఒక చిన్న ప్రైవేటు జట్టు. దాని యజమాని జెఫ్ వైలర్‌ది ఒహాయోలో కార్ల అమ్మకాల వ్యాపారం. ఆ జట్టు 2007లో జాక్ స్ప్రేగ్‌తో డేటోనా ట్రక్ పందెం గెలిచింది. మార్చిలో మార్టిన్స్‌విల్ ఓవల్ ట్రాక్ మీద నారాయణ్ 13వ స్థానంలో ముగించారు. నాస్కార్ జాతీయ సిరీస్‌లో దిగిన తొలి భారతీయుడు ఆయనే. అభిమానుల ఓటుతో ఆ ఏడాది ట్రక్ సిరీస్‌లో అత్యంత ప్రజాదరణ పొందిన డ్రైవరుగానూ ఎంపికయ్యారు. భారత ప్రభుత్వం అదే ఏడాది ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ప్రభావం

తెలుగు రాష్ట్రాల్లో కారు పందేలు ఇంకో దారిలో వచ్చాయి. 2022లో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున నగర రోడ్ల మీదే ఇండియన్ రేసింగ్ లీగ్ జరిగింది. 2023 ఫిబ్రవరి 11న అక్కడే విద్యుత్ కార్ల ‘ఫార్ములా ఈ’ పందెం జరిగింది. రేసింగ్ లీగ్‌లోని హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును 2023లో నటుడు నాగచైతన్య తీసుకున్నారు. 2024 ఫార్ములా ఈ పందెం మాత్రం ప్రభుత్వం మారాక రద్దయింది. రోడ్లు మూసి పెట్టే పందేనికి ప్రతి ఏటా కొత్తగా అనుమతి కావాలి. చెట్టిపాళయంలో సొంత ట్రాక్, ఊళ్లోనే కారు కట్టే పనివాళ్లు ఉన్నారు కాబట్టే మొదలుపెట్టిన మనిషి పోయిన మూడు దశాబ్దాలకూ అక్కడ జాతీయ పోటీలు ఆగలేదు.