ఓడిన రోజున లెక్కకొచ్చిన కులం

2021 ఆగస్టు 4. టోక్యో ఒలింపిక్స్ మహిళల హాకీ సెమీఫైనల్లో భారత జట్టు 1-2 తేడాతో అర్జెంటీనా చేతిలో ఓడిపోయింది. ఆ సాయంత్రమే ఉత్తరాఖండ్‌లోని హరిద్వార్ జిల్లా రోష్నాబాద్‌లో వందన కటారియా ఇంటి ముందు టపాసులు పేలాయి. జట్టులో దళితులు ఎక్కువైనందువల్లే ఓడిపోయారంటూ అగ్రవర్ణ యువకులు కులం పేరుతో దూషించారని, ఇంటి ముందు చిందులు వేశారని ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది.

అంతకు నాలుగు రోజుల ముందు, జూలై 31న, అదే వందన దక్షిణాఫ్రికాపై మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్ హాకీలో హ్యాట్రిక్ సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. భారత్ 4-3తో గట్టెక్కిన మ్యాచ్ అది. మొదటి మూడు మ్యాచ్‌లూ వరుసగా ఓడిన జట్టును క్వార్టర్ ఫైనల్ గడప దాకా చేర్చినవి ఆ మూడు గోల్సే. ఆనాడు పత్రికలు ఆమెను దేశం బిడ్డ అన్నాయి. నాలుగు రోజులకే ఆమె తన వాడ బిడ్డగా మిగిలిపోయింది.

ఈ ఘటన బరువు తెలియాలంటే ఆ జట్టు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోవాలి. ఒలింపిక్స్‌లో మహిళల హాకీ మొదలైందే 1980 మాస్కోలో. ఆరు జట్లు ఆడిన ఆ పోటీలో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. మళ్లీ ఒలింపిక్ మైదానంలో అడుగుపెట్టడానికి 36 ఏళ్లు పట్టింది. 2016 రియోలో పన్నెండు జట్లలో చివరి స్థానం దక్కింది. ఆ జట్టులో వందన ఉంది. అట్టడుగున నిలిచిన జట్టే ఐదేళ్ల తరువాత ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి తొలిసారి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. పురుషుల హాకీకున్న ఎనిమిది స్వర్ణాల వారసత్వం గానీ, ఆ వారసత్వం తెచ్చిపెట్టే గౌరవం గానీ ఈ అమ్మాయిలకు లేవు.

వందన ప్రస్థానమూ అలాంటిదే. తండ్రి నాహర్ సింగ్ హరిద్వార్ భెల్ కర్మాగారంలో ఉద్యోగి. ఆడపిల్లకు ఆటలేమిటని అయినవాళ్లు అభ్యంతరం చెప్పినా ఆయన కూతురి పక్షాన నిలబడ్డాడు. ఆమె లక్నో క్రీడా వసతిగృహంలో ఆట నేర్చింది. 2013లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో భారత్ కాంస్యం గెలిచినప్పుడు ఐదు గోల్స్‌తో జట్టులో అగ్రస్థానం ఆమెదే. 2014 ఆసియా క్రీడల్లో కాంస్యం, 2018లో రజతం గెలిచిన జట్లలోనూ ఆమె ఉంది. టోక్యోకు కొద్ది నెలల ముందు, కరోనా ఆంక్షల మధ్య బెంగళూరు శిబిరంలో సాధన చేస్తుండగా తండ్రి కన్నుమూశాడు. కడసారి చూపుకు ఆమె వెళ్లలేకపోయింది. ఆ దుఃఖంతోనే టోక్యో వెళ్లింది.

ఆటలో ఓడిపోవడం సహజం. దానికి కారణాలు వ్యూహంలోనో, రక్షణ శ్రేణిలోనో, వృథా అయిన పెనాల్టీ కార్నర్లలోనో వెతకాలి. పురుషుల జట్టు అంతకు ముందురోజే బెల్జియం చేతిలో 2-5తో సెమీఫైనల్ ఓడింది. ఆ ఓటమిని శిక్షకులు, వ్యాఖ్యాతలు ఆట పరిభాషలోనే విశ్లేషించారు. వందన విషయంలో మాత్రం వీధి తీర్పు చెప్పేసింది. ఏ రిజర్వేషనూ లేని జాతీయ జట్టులోకి ప్రతిభతో వచ్చిన మనిషికి కూడా, నీ చోటు ఇది కాదని గుర్తు చేయడానికి ఒక్క ఓటమి చాలింది. ప్రతిభ ముందు కులం నిలవదని వాదించేవారు ఈ సంఘటనకు ఏం జవాబు చెబుతారు?

ఇదంతా ఉత్తరాది జాడ్యమని మనం తప్పించుకునే వీలు లేదు. 2016 రియోలో పి.వి. సింధు రజతం గెలుస్తున్న రోజుల్లో గూగుల్‌లో ఆమె కులమేమిటని వెతికినవారిలో ముందు వరుసలో నిలిచినవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. అక్కడ దూషణ, ఇక్కడ సొంతం చేసుకునే ఆరాటం. రెండింటి వెనుకా ఉన్నది ఒకే కొలబద్ద.

ఆగస్టు 6న కాంస్య పోరులో భారత్ 3-4తో బ్రిటన్ చేతిలో ఓడింది. ఇంటి వద్ద జరిగింది దేశమంతా మారుమోగుతున్న ఆ రోజున కూడా వందన ఒక గోల్ కొట్టింది. దేశం కోసం ఆడుతున్నామని, ఇలాంటి కులదూషణ జరగకూడదని ఆమె ముక్తసరిగా అన్నది. కెప్టెన్ రాణి రాంపాల్ బహిరంగంగా ఖండించింది. రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల రూపాయలు ప్రకటించి, మహిళా సాధికారత శాఖకు ప్రచారకర్తను చేసింది. అదే ఏడాది అర్జున, మరుసటి ఏడాది పద్మశ్రీ దక్కాయి. ఇవన్నీ ఆమె సంపాదించుకున్నవే. అయితే ఒక వ్యక్తికి పతకం తొడగడం ప్రభుత్వానికి తేలిక. ఆ వ్యక్తి ఇంటి ముందు వీధిని మార్చడం కష్టం. తేలికైన పని చేసి కష్టమైనది కూడా అయిపోయిందనుకోవడం మన రాజకీయాలకు పాత అలవాటు.

వందన మాత్రం ఆట ఆపలేదు. 2022 కామన్వెల్త్ క్రీడల కాంస్యంలో ఆమె భాగముంది. 2023లో రాంచీలో జరిగిన ఆసియా చాంపియన్స్ ట్రోఫీలో 300 మ్యాచ్‌లు పూర్తి చేసిన తొలి భారత మహిళా క్రీడాకారిణి అయింది. 2024 జనవరిలో అదే రాంచీలో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీలకు గాయం వల్ల దూరమైంది. పారిస్ బెర్తు భారత్‌కు దక్కలేదు. 2025 ఏప్రిల్ 1న ఆమె అంతర్జాతీయ హాకీకి వీడ్కోలు పలికేనాటికి లెక్క 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. భారత మహిళల హాకీలో అన్ని మ్యాచ్‌లు అప్పటిదాకా మరెవరూ ఆడలేదు.

ఆ 320లో గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. గెలిచినప్పుడు మనదన్నవాళ్లం ఓడినప్పుడూ మనదనగలమా అన్నదే మిగిలిన ప్రశ్న. దానికి సమాధానం చెప్పవలసింది ఆమె కాదు.