కాలుష్య ప్రక్షాళన పద్ధతులు: జీవితకాల వ్యయ అంచనా

విషరసాయనాలు ఇంకిన నేలను, భూగర్భజలాన్ని శుభ్రం చేసే పద్ధతిని ఎంచుకునే ముందు, దానికయ్యే ఖర్చంతా లెక్కగట్టే విధానమిది. మొదటి పెట్టుబడి ఒక్కటే కాదు, కరెంటు, జీతాలు, మరమ్మతులు, ఏటేటా నీటి పరీక్షలు, ఆఖరున యంత్రాలు విప్పి తీసేసే కూలి కూడా ఇందులోకే వస్తాయి.

ఈ లెక్క పుట్టింది పర్యావరణ రంగంలో కాదు, ఆయుధాల కొనుగోళ్లలో. ధర తక్కువని కొన్న పరికరాలు మరమ్మతులకు ఎంత తింటాయో తేల్చేందుకు 1965లో అమెరికా రక్షణ శాఖ కోసం లాజిస్టిక్స్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఒక నివేదిక తయారుచేసింది. పర్యావరణ రంగంలో దీని అవసరం తర్వాత తలెత్తింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో పూడ్చిన రసాయన వ్యర్థాల ఉదంతం 1978లో బయటపడ్డాక, కలుషిత స్థలాల ప్రక్షాళన కోసం 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. చెడిన మట్టిని తవ్వి మరోచోట పూడ్చడం, పైన మూత వేయడం అప్పట్లో చవకగా కనిపించేవి. ఆ చట్టానికి 1986లో చేసిన సవరణ శాశ్వత పరిష్కారాలకు మొగ్గు చూపడంతో, ఎన్నేళ్ల ఖర్చు లెక్కలోకి తీసుకోవాలన్న ప్రశ్న ముందుకొచ్చింది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. భవిష్యత్తు ఖర్చును ఈనాటి విలువకు మార్చేటప్పుడు వడ్డీలాంటి రేటుతో తగ్గిస్తారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1993లో ఈ రేటును 7 శాతంగా నిర్ణయించింది. కాలపరిమితి మామూలుగా 30 ఏళ్లు. ఏటా లక్ష డాలర్లు మింగే పంపింగ్ ప్లాంటు ఈ లెక్కన సుమారు 12.4 లక్షలకు తేలుతుంది. అదే ప్లాంటు వందేళ్లు నడిచినా 14.3 లక్షలు దాటదు. అంటే ఆఖరి డెబ్బై ఏళ్ల భారం రెండు లక్షలు కూడా కాలేదు! మనవల నెత్తిన పడే ఖర్చు కాగితం మీద ఇలా కరిగిపోతుంది.

పద్ధతుల ఎంపికను కూడా ఈ రేటే తారుమారు చేయగలదు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక సెమీకండక్టర్ ఫ్యాక్టరీ కింద ద్రావకాలు కలిసిన నీటిని 1980లలో పంపులతో తోడి శుద్ధి చేసేవారు. 1990ల మధ్యలో వాటి స్థానంలో ఇనుప రజను నింపిన గోడను భూమిలో కట్టారు. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గిల్హమ్ బృందం అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. నీరు తనంతట తానే గోడలోంచి పారుతుంటే, ఇనుము క్లోరిన్ ద్రావకాలను విడగొడుతుంది. డబ్బంతా తవ్వకానికి, ఇనుముకి ముందే పోతుంది, తర్వాత మిగిలేది ఎక్కువగా పరీక్షల ఖర్చే. కాబట్టి రేటు తగ్గేకొద్దీ గోడ, పెరిగేకొద్దీ పంపు లాభసాటిగా కనిపిస్తాయి. అయితే ఇనుము ఎన్నేళ్లకు చతికిలబడుతుందో గోడ కట్టే నాటికి ఎవరూ కచ్చితంగా చెప్పలేని మాట. ఆ ఒక్క ఊహ మారితే లెక్కంతా మారుతుంది.

అణ్వాయుధ కేంద్రాల విషయంలో ముప్పై ఏళ్ల హద్దు బొత్తిగా నిలవలేదు. హాన్‌ఫర్డ్ వంటి చోట్ల ప్రక్షాళనకు మొత్తం 75 ఏళ్లలో దాదాపు 23,000 కోట్ల డాలర్లు కావాలని అమెరికా ఇంధన శాఖ 1995లో అంచనా వేసింది. 2000లో ఈపీఏ, సైనిక ఇంజనీర్ల విభాగం కలిసి వెలువరించిన మార్గదర్శిని కూడా 30 ఏళ్లకే ఆగిపోవద్దని చెప్పింది. దీర్ఘకాలం సాగే పనులకు తగ్గింపు లేని అసలు మొత్తాన్ని కూడా పక్కన చూపడం మేలని సూచించింది.