చుట్టిల్లును, అందలి సామగ్రియు

నేడు పట్టణములలో క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు ప్రకృతికి హాని చేయని గృహాలంకరణమును గూర్చి తరచుగా మాటలాడుకొనుచున్నారు. వెదురు కుర్చీలు, నారతివాచీలు, మట్టిరంగు గోడలు గొప్ప అంగళ్లలో గొప్ప వెలకు అమ్ముడుపోవుచున్నవి. ఇది విదేశములనుండి వచ్చిన క్రొత్త యాలోచన యని కొందరును, ధనికుల వేడుక యని కొందరును తలచుచున్నారు. మాకు ఈ రెండు తలంపులును సరికావని తోచుచున్నది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలలో మొన్నమొన్నటి వరకు సామాన్యుని యిల్లు ఇట్టి సామగ్రితోనే నిండియుండెను. ఆ యింటి చరిత్రను నిదానించి చూచినచో దాని గుణమును తెలియును, దోషమును తెలియును. రెండును ఎరుగక దానిని మెచ్చుకొనుట వలన ప్రయోజనము లేదు.

శ్రీకాకుళము జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్టణము జిల్లానుండి చీలినది. ఆ రెండు జిల్లాల భాగములతో 1979 జూన్ 1న విజయనగరము జిల్లా ఏర్పడినది. ఎల్లలు మారినను ఇండ్లు, చేతిపనులు ఒక్కతీరుననే యుండెను గనుక మేము ఒకటిరెండు తావుల నేటి యెల్లలను దాటిపోయెదము.

ఈ తీరమున చుట్టిల్లు ప్రసిద్ధము. ఇది గుండ్రని మట్టిగోడల యిల్లు. తాటి వాసములు నడినెత్తిన కలిసికొనగా పైకప్పు శంకువువలె ఏర్పడును. దానిపై తాటాకు గాని గడ్డి గాని కప్పుదురు. చూరు చాల క్రిందికి దిగియుండును. లోనికి వంగి పోవలెను. చూచువారికి మోటుగా కనబడినను, ఇది బంగాళాఖాతపు గాలివానలను ఎరిగినవారు కట్టిన యిల్లు. గాలికి ఎదురుగా నిలుచు వెడల్పు గోడ లేదు. పట్టి లేపుటకు ఎత్తైన చూరు లేదు. గాలి ఇంటిని చుట్టి జారిపోవును. లోపలి గది నెత్తిన మట్టి మెత్తిన అటక యుండును. సామానులు దాచుకొనుటకే గాక, ఎండవేడిని అడ్డగించుటకును, కప్పు అంటుకొన్నప్పుడు నిప్పు వెంటనే గదిలోనికి దిగకుండుటకును అది తోడ్పడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానును ఉత్తరాంధ్ర తీరమును తాకినవి. తిత్లీ ఉద్దానపు కొబ్బరితోటలను, జీడిమామిడి తోటలను నేలకూల్చినది. అట్టి గాలి వీచుచోట గుండ్రని యిల్లు వినోదార్థము పుట్టినది కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక లోపలి సామగ్రిని చూతము. నులకమంచపు త్రాడు గోగునారతో పేనినది. గోగుకట్టలను చెరువునీట నానవేసి, మెత్తబడిన పిదప నార ఒలిచి, కడిగి, ఆరవేయుదురు. నులక సడలినచో మరల బిగింతురు. తెగినచో క్రొత్తది అల్లుదురు. మంచపుకోళ్లు మాత్రము తరములు మారినను నిలుచును. తాటాకు చాపయు, వెదురు చేటయు ప్రాతపడినచో పొయ్యిలోనో పెంటకుప్పలోనో చేరి బూడిదయో ఎరువో యగును.

పాత్రల సంగతియు ఇట్టిదే. సారవకోట మండలమందలి బుడితి గ్రామము కంచు, ఇత్తడి పనులకు పేరుపొందినది. రాగిలో తగరము కలిపినది కంచు. తుత్తునాగము కలిపినది ఇత్తడి. చిల్లుపడిన చెంబును పారవేయువారు లేరు. దానిని తూకమునకిచ్చి, పైసొమ్ము చెల్లించి, క్రొత్తదానిని తెచ్చుకొనుట ఇండ్లలో వాడుక. చెంబు పోయినను లోహము పోదు. అది కొలిమికి మరలి పోయి మరియొక పాత్రయై వచ్చును.

ఇంక కొంచెము దక్షిణమునకు, నేటి అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డున ఏటికొప్పాక గలదు. అచటివారు తిరుగుచున్న తరిమెనపై అంకుడుకర్రను చెక్కి, దానికి రంగులక్కను అదుముదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రను పట్టుకొనును. బొమ్మలు, భరిణెలు, చిన్న పెట్టెలు ఇట్లే తయారగును. పసుపు, జాఫరా గింజలు, నీలి మొదలగునవి ఆ లక్కకు రంగునిచ్చును.

వీనియన్నిటియందును ఒక్కటే గుణము కానవచ్చుచున్నది. ఇవి పుట్టినచోటును, తుదకు పోవుచోటును ఇల్లాలికి తెలిసిన వస్తువులు. మన్నునుండి వచ్చినది మంటికిని, కొలిమినుండి వచ్చినది కొలిమికిని పోవును. నడుమ చెడినచో బాగుచేయు చేయి కూతవేటు దూరముననే యుండును.

ఈ క్రమము ఎట్లు తెగినది? 1856లో లండనున పెర్కిన్ అను యువకుడు తారునుండి తీసిన పదార్థముతో ఊదారంగు చేసెను. 1897లో జర్మనీవారి కృత్రిమనీలి అంగడికి వచ్చెను. చెట్టురంగులు లోకమంతట వెనుకబడినవి. ఏటికొప్పాకయందును రసాయనపు రంగులు చొరబడినవి. సి. వి. రాజు మొదలగువారు పూనుకొని చెట్టురంగులను మరల వాడుకలోనికి తెచ్చిరి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపును, 2023లో రాజుగారికి పద్మశ్రీయు లభించినవి. గోగునారకు ప్లాస్టిక్కు సంచి పోటీయైనది. నారసంచుల వాడుకను కొన్ని సరకులకు నిర్బంధము చేయుచు 1987లో కేంద్రప్రభుత్వము చట్టము చేయవలసి వచ్చినది.

అయినచో పూర్వపు ఇంటికే మరలుదమా? ఇచ్చట మేము తొందరపడజాలము. చుట్టిల్లు ఋష్యాశ్రమము కాదు, పేదవాని కొంప. తాటాకును కొన్ని యేండ్లకొకసారి మార్చవలెను. అటక యున్నను ఒక్క నిప్పురవ్వ వాడనంతయు కాల్చివేయగలదు. పొయ్యిపొగ పోవుటకు దారి చాలదు. అన్నిటికిని మించి, గోడ మెత్తుట, నేల అలుకుట, ఇత్తడిని చింతపండుతో తోముట ఎవరి పనియై యుండెను? ఆడుదాని పని. దానికి కూలి లేదు, విరామము లేదు, లెక్క లేదు. తేలికయైన ప్లాస్టిక్కు బిందె వచ్చినప్పుడు ఆమె సంతోషించినచో, తప్పుపట్టువారు మొదట నిండు ఇత్తడిబిందెను చంకనెత్తుకొని చెరువునుండి ఇంటికి వచ్చి చూడవలెను. భూమికి హాని చేయని యిల్లు ఆమె నడుమునకు హాని చేసినది. ఆ ఋణము ఏ లెక్కలోను చేరలేదు.

ఈ ఋణము నేటికిని తీరలేదు. పొందూరు ఖద్దరునే చూడుడు. వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వుట మొదలు నూలు వడకుటవరకు గల పనులలో పెక్కు స్త్రీల చేతిమీదుగనే జరుగును. ఆ వస్త్రమును మెచ్చనివారు లేరు. కాని వడకిన చేతికి దక్కు కూలితో ఇల్లు గడవనియెడల ఆ తల్లి తన కూతురునకు ఈ పని నేర్పదు; నేర్పలేదని ఆమెను నిందించుటకు మనకు అధికారము లేదు.

కావున మా మనవి ఇది. పూర్వపు ఇంటి రూపమును గాక దాని నియమమును గ్రహింపుడు. ఒక వస్తువును కొనునప్పుడు, ఇది చెడినచో ఎవరు బాగుచేయుదురు, పాతబడినచో ఎచ్చటికి పోవును అని అడుగుడు. బుడితి పాత్రకో ఏటికొప్పాక భరిణెకో బేరమాడునప్పుడు, తగ్గించిన ప్రతి రూపాయి ఎవరి ప్రొద్దునుండి తగ్గుచున్నదో తలచుకొనుడు. కొనినదానిని కాపాడు శ్రమను ఇంటిలోనివారందరును పంచుకొనుడు. వచ్చు పండుగకు ముందు ఇత్తడి సామానులను నడవలో పోసి, చింతపండు ముద్దతో ఇంటి మగవారు కూర్చుండి తోమి చూడవలెను. అప్పుడు ఆ యింటికి ఎన్ని వస్తువులు నిజముగ కావలయునో ఒక్క పూటలోనే తేలును.