చట్టసభల సందర్శన: నెల్లూరు పడమటి సీమ నుంచి

సభ్యులు కాని మామూలు జనం పార్లమెంటు భవనాన్నో శాసనసభ భవనాన్నో చూడడం, సమావేశాలు జరిగేటప్పుడు గ్యాలరీలో కూర్చుని చర్చలు వినడం చట్టసభల సందర్శన. భారతదేశంలో ఇది సభాధ్యక్షుడి అనుమతి మీద నడిచే వ్యవహారం. లోక్‌సభ నియమావళిలోని 386వ నియమం బయటివాళ్ల ప్రవేశాన్ని స్పీకరు చేతికి అప్పగించింది. గ్యాలరీ ఖాళీ చేయించాలన్నా ఆయన మాటే చెల్లుతుంది. రహస్య సమావేశమైతే బయటివాళ్లు లాబీల్లో కూడా ఉండకూడదు.

నెల్లూరు జిల్లా పడమటి అంచున, సోమశిల జలాశయం ఉన్న అనంతసాగరం మండలం శాసనసభకు ఆత్మకూరు నియోజకవర్గంలోకి, లోక్‌సభకు నెల్లూరు స్థానంలోకి వస్తుంది. ఇక్కడి ఓటరుకు గత నూరేళ్లలో రాష్ట్ర చట్టసభ నాలుగు ఊళ్లు మారింది. పార్లమెంటు మాత్రం ఎప్పుడూ 2 వేల కిలోమీటర్ల అవతలే ఉంది. అయితే సందర్శకుడికి దూరం ఒక్కటే అడ్డు కాదు. గ్యాలరీ పాసుకు సభ్యుడి సంతకం కావాలి. ఈ సందర్శన చరిత్రంతా ఆ సంతకం చుట్టూ తిరిగిందనవచ్చు.

మద్రాసు నుంచి వెలగపూడి దాకా

1953 వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. శాసన మండలి 1921 నుంచి సెయింట్ జార్జి కోటలో కూర్చునేది. 1937లో శాసనసభ ఏర్పడ్డాక సమావేశాలు కొంతకాలం విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్‌లో, ఆ తర్వాత బాంక్వెటింగ్ హాలులో జరిగి, 1946లో మళ్లీ కోటకు చేరాయి. 1952 ఎన్నికల తర్వాత సభ్యుల సంఖ్య 375కు పెరగడంతో ప్రభుత్వ ఎస్టేటులో కొత్త మందిరం కట్టారు. నెల్లూరు వాళ్లకు మద్రాసు దగ్గరి ఊరే. కోర్టు పనికీ ఆసుపత్రికీ పెళ్లి బట్టలకూ రైలెక్కి వెళ్లి వచ్చే ఊరు. పని మీద వెళ్లినవాడు, తెలిసిన సభ్యుడుంటే, సభను కూడా చూసి రాగలిగేంత దూరం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు వెళ్లింది. కార్యాలయాలను గుడారాల్లో నడిపిన ఆ మూడేళ్లలో సభను చూడాలంటే పడమటి నెల్లూరు నుంచి కొండలు దాటి చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చేది. చరిత్రలో ఆ ఘట్టం చిన్నదే.

1956 డిసెంబరు 4న అయ్యదేవర కాళేశ్వరరావు స్పీకరుగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ హైదరాబాదులో మొదలైంది. సభకు కేటాయించిన భవనం నిజానికి పురమందిరం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పని మొదలుపెట్టి 1913లో పూర్తి చేసిన తెల్లటి కట్టడం అది. బాగ్-ఎ-ఆమ్ తోటను ఆనుకుని, నాంపల్లి స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంది. నెల్లూరులో రాత్రి రైలెక్కినవాడికి పొద్దున్నే అందుబాటులోకి వచ్చే సభ. 1978, 1983 ఎన్నికల్లో పడమటి నెల్లూరులోని ఉదయగిరి నుంచి గెలిచిన ముప్పవరపు వెంకయ్యనాయుడు తొలిసారి శాసనసభ్యుడిగా కూర్చున్నదీ ఇక్కడే. ఎమ్మెల్యే వెంట హైదరాబాదు వెళ్లిన ఊరి పెద్దలకు సచివాలయంలో పని, శాసనసభ గ్యాలరీలో ఓ పూట కలిసే వచ్చేవి. రాజకీయం ఇలా మనుషుల పరిచయాల మీద నడిచే చోట గ్యాలరీ పాసు కూడా పెన్షనుకూ ఉద్యోగానికీ రాయించుకునే సిఫార్సు లేఖల వరుసలోనే చేరింది.

2014 విభజన తర్వాత కొంతకాలం రెండు రాష్ట్రాల సభలూ హైదరాబాదులోనే నడిచాయి. అమరావతి ప్రాంతంలోని వెలగపూడిలో తాత్కాలిక భవనాన్ని 2017 మార్చి 2న ప్రారంభించారు. 175 మంది సభ్యుల సభ మార్చి 6న అక్కడ కూర్చుంది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది విద్యార్థులతో అసెంబ్లీ ప్రాంగణంలో నమూనా శాసనసభ నిర్వహించారు. పడమటి నెల్లూరు పిల్లలు సిఫార్సు లేఖ లేకుండా ఆ ప్రాంగణంలోకి వెళ్లిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

ఢిల్లీ గ్యాలరీ

ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ రూపమిచ్చిన, తర్వాత పార్లమెంటు భవనమైన గుండ్రటి కౌన్సిల్ హౌస్‌కు 1921 ఫిబ్రవరి 12న శంకుస్థాపన జరిగింది. 1927 జనవరి 18న వైస్రాయి ఇర్విన్ దాన్ని ప్రారంభించాడు. 144 స్తంభాల ఆ భవనంలో సందర్శకుల గ్యాలరీ తెరుచుకున్న రెండేళ్లకే చరిత్రకెక్కింది. 1929 ఏప్రిల్ 8న భగత్‌సింగ్, బటుకేశ్వర దత్ పాసులతోనే లోపలికి వచ్చి, గ్యాలరీ నుంచి ప్రభుత్వ బెంచీల వైపు బాంబులు విసిరారు, కరపత్రాలు చల్లారు, అరెస్టు చేసేదాకా అక్కడే నిలబడ్డారు. తెలుగునాట ఊరూరా నల్లజెండాలు చూసిన జాన్ సైమన్ కూడా ఆ రోజు సభను చూడడానికి వచ్చి ఉన్నాడు. సభాధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ అదే ఏడాది సభకు సొంత కాపలా దళాన్ని ఏర్పాటు చేయించాడు. 'వాచ్ అండ్ వార్డ్' పేరుతో మొదలైన ఆ దళమే తర్వాతి కాలపు పార్లమెంటు భద్రతా విభాగం.

గ్యాలరీ ఎక్కువగా నిండిన కాలం రాజ్యాంగ సభ నాటిది. ముసాయిదా చర్చలు నడిచిన రోజుల్లో 53 వేల మంది సందర్శకులను అనుమతించామని అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ 1949 నవంబరు 26 నాటి ముగింపు ప్రసంగంలో చెప్పారు. దేశ విభజన అల్లర్ల మధ్య, గాంధీ హత్య జరిగిన కాలంలో, అంతమందిని లోపలికి రానిచ్చారు. తర్వాతి దశాబ్దాల భద్రతా ఏర్పాట్లతో పోల్చి చూస్తే ఆ అంకె ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

స్వతంత్రం తర్వాత పద్ధతి స్థిరపడింది. ముందురోజు దరఖాస్తు పెట్టాలి. వచ్చే వ్యక్తి తన బంధువనో, స్నేహితుడనో, స్వయంగా తెలిసినవాడనో చెప్పి, అతని బాధ్యత పూర్తిగా తనదేనని ఎంపీ సంతకం చేయాలి. పదేళ్లలోపు పిల్లలకు ప్రవేశం లేదు. ఫోను, సంచి బయటే అప్పజెప్పాలి. గ్యాలరీలో చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు, నినాదం చేస్తే మార్షల్స్ బయటికి తీసుకెళ్తారు. మామూలుగా కూర్చోనిచ్చేది గంటసేపే. ఆ గంటలో వాయిదా పడితే చూసింది ఖాళీ బెంచీలనే. లక్షల మంది ఓటర్లున్న స్థానంలో ఎంపీకి 'స్వయంగా తెలిసినవాడు' అనే షరతు కాగితం మీదే బతుకుతుంది. అనంతసాగరం నుంచి వచ్చిన రైతును ఎంపీ ఎరిగి ఉండడు, ఎంపీ మనిషిని ఎరిగినవాడు ఊళ్లో ఒకడు ఉంటాడు. పాసు ఆ దారినే వస్తుంది.

2001 డిసెంబరు 13న కారులో వచ్చిన అయిదుగురు ఉగ్రవాదులు భవన ప్రాంగణంలో కాల్పులు జరిపారు. అప్పుడు స్పీకరు అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి. దాడి చేసినవాళ్లు కాక 9 మంది చనిపోయారు, వారిలో భద్రతా సిబ్బందితోపాటు ఒక తోటమాలి కూడా ఉన్నాడు. ఆ తర్వాత భవనం చుట్టూ తనిఖీలు, అడ్డుగోడలు పెరిగాయి. మరోవైపు, సభ చూడలేనివాళ్ల కోసం 2006లో పార్లమెంటు గ్రంథాలయ భవనంలో మ్యూజియం తెరిచారు. అదే ఏడాది లోక్‌సభ టీవీ ప్రసారాలూ మొదలయ్యాయి. ఢిల్లీ వెళ్లకుండానే సభను చూసే వీలు పల్లెకు వచ్చింది టీవీతోనే.

ఉదయగిరి మాజీ ఎమ్మెల్యే వెంకయ్యనాయుడు 2017 ఆగస్టు నుంచి 2022 ఆగస్టు వరకు రాజ్యసభ ఛైర్మన్‌గా ఉన్నారు. రాజ్యసభ గ్యాలరీలో ఎవరిని కూర్చోనివ్వాలో తేల్చే అధికారం అలా పడమటి నెల్లూరు ఓట్లతో రాజకీయం మొదలుపెట్టిన మనిషి చేతికి వచ్చింది. అదే కాలంలో కరోనా వచ్చి సందర్శకులను పూర్తిగా ఆపేశారు. 2020 సెప్టెంబరు సమావేశాల్లో దూరం పాటించడానికి సభ్యులే గ్యాలరీల్లో కూర్చున్నారు.

కొత్త పార్లమెంటు భవనాన్ని 2023 మే 28న ప్రారంభించారు. సమావేశాలు సెప్టెంబరు 19న అందులోకి మారాయి. పాత భవనం సంవిధాన్ సదన్ అయింది. మూడు నెలలు తిరక్కముందే, 2001 దాడి జరిగిన తేదీనే, డిసెంబరు 13న ఇద్దరు యువకులు గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి రంగు పొగ వదిలారు. 1994లోనూ గ్యాలరీ నుంచి దూకిన సంఘటన ఉంది. 2023లో దూకినవాళ్ల దగ్గర ఉన్నవి ఎంపీ సిఫార్సు మీద వచ్చిన అసలు పాసులే. పరిచయస్తుడికి పూచీ పడే సంతకం ఎంత నామమాత్రమో ఆ రోజు దేశమంతా చూసింది. వెంటనే పాసుల జారీ ఆపారు. 2024 మే 20 నుంచి భద్రత బాధ్యతలు సీఐఎస్ఎఫ్‌కు వెళ్లాయి. కాపలా మారింది కానీ సిఫార్సు పద్ధతి మారలేదు.

అమరావతి ప్రణాళిక

సిఫార్సు లేని దారులు ఇతర దేశాల్లో ఉన్నాయి. బెర్లిన్‌లోని రైఖ్‌స్టాగ్ మీద నార్మన్ ఫోస్టర్ కట్టిన గాజు గుమ్మటం 1999 నుంచి సందర్శకులకు ఉచితం. ముందే పేరు నమోదు చేసుకుంటే చాలు, పైకెక్కి కింది సభామందిరం వైపు చూడవచ్చు. అమెరికాలో మాత్రం కాంగ్రెస్ గ్యాలరీ పాసులు అక్కడివాళ్లకు తమ ప్రతినిధి కార్యాలయం ద్వారానే అందుతాయి. అయితే అది ఓటరుగా అడిగి తీసుకునే పాసు, పరిచయం ఉందా అని ఎవరూ అడగరు.

అమరావతి శాశ్వత శాసనసభకు నమూనా గీసింది కూడా ఫోస్టర్ సంస్థే. 250 మీటర్ల ఎత్తున శిఖరం లేచే ఆ భవనంలో, సమావేశాలు లేని రోజుల్లో జనం పైకెక్కి నగరాన్ని చూసే వీలుంటుందని పురపాలక మంత్రి, నెల్లూరు నగర శాసనసభ్యుడు పొంగూరు నారాయణ ప్రకటించారు. అది సభ లేని రోజుల మాట. సభ జరిగే రోజున గ్యాలరీలో కూర్చోవడానికి ఆత్మకూరు ఎమ్మెల్యే కార్యాలయం నుంచి లేఖ తెచ్చుకోవాలా, ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుందా అన్నది భవన నమూనాతో తేలేది కాదు, సభ నియమాలు తేల్చాల్సింది.