కొమ్మూరి ఏడు, యద్దనపూడి ఐదు

రా అబ్బీ, ఈ మంట కాడ కూర్చో. కరెంటు పోయి అరగంటయింది. పక్కనే అంత పెద్ద థర్మల్ పవర్ స్టేషను, 1994 నించి పొగ వదుల్తా ఊళ్ళన్నిటికీ కరెంటు పంపుతాండాది. మనకేమో చలిమంట వెలుగు. దీపం కింద చీకటని పెద్దలు ఊరికే అన్లేదు.

ఇందాక ఏమన్నావు? ఈ ఏడు యాభై రెండు నవలలు చదివినానని, ఆ లెక్కంతా ఫోన్లో రాసి పెట్టుకున్నానని కదా. మంచిదే. నేను నవ్వేది ఎగతాళికి కాదు. నాకూ అట్లాంటి ఏడొకటి ఉండాది. నా లెక్క మాత్రం మా నాయన శెనక్కాయల లెక్కపుస్తకం వెనక పేజీల్లో ఉండేది. దానివల్ల ఇంట్లో పెద్ద రభసే అయింది. అది చెప్తాగానీ, అసలు ఆ ఏడు ఎట్లొచ్చిందో ముందు వినాల. తొందరపడొద్దు, కరెంటు ఇప్పట్లో రాదులే.

అది 1972. నేను ప్రొద్దుటూరులో బి.ఏ. మొదటి ఏడు చదువుతాండా. అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పె. దాంతో కోస్తాలోనూ మన సీమలోనూ జై ఆంధ్ర ఉద్యమం లేచె. కాలేజీలు మూసిరి, బస్సులు ఆగె, రైళ్ళు ఆగె. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోయె, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చె. ఆ ఉద్యమం తప్పా ఒప్పా అని నన్నడగొద్దు, దానికి ఇంకో రాత్రి, ఇంకో మోపు కట్టెలు కావాల. నేను మాత్రం రేకుపెట్టె భుజాన పెట్టుకుని ఇల్లు చేరినాను. ఇంటికాడ చూస్తే వాన లేదు. శెనక్కాయ చేను ఊడలు దిగకముందే మాడిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. నాయనకు చేన్లో పని లేదు, నాకు కాలేజీ లేదు. నాపబండల అరుగు మీద చెరో పక్క కూర్చుని ఒకరి మొగం ఒకరు చూసుకుంటా ఎన్ని దినాలని పొద్దుపుచ్చుతాం?

అట్ల మొదలైంది నా కతల పిచ్చి.

మొదటి పుస్తకాలు రైలు నించి దిగినాయి. మన ముద్దనూరు బొంబాయి–మద్రాసు దారిలో ఉండాది కదా, పాసింజరు రైలెక్కినోళ్ళు చదివేసి బెంచీల కింద వదిలేసి పోయేవోళ్ళు. స్టేషన్లో పని చేసే ఒకాయన వాటిని ఏరి పెట్టుకుని, రోన్ని మజ్జిగ పోస్తే మాకిచ్చేవాడు. వాటిలో కొవ్వలి లక్ష్మీనరసింహారావువే ఎక్కువ. ఆయన వెయ్యి నవలలు రాసినాడు అబ్బీ, వెయ్యి! నీ లెక్కన వారానికొకటి చదివితే నీ పెండ్లి అయి, నీ పిల్లోళ్ళు పెరిగేదాకా చదవాల. గుంతకల్లులో మొదలుపెడితే రేణిగుంట వచ్చేలోపల అయిపోయే సైజు.

వారపత్రికలూ బండి మీదనే వచ్చేవి. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి. వాటిలో సీరియళ్ళు. రైళ్ళు ఆగినప్పుడు అవీ ఆగినాయి. ఒక సీరియల్లో ఒక పిల్ల మిద్దె మెట్ల మీద నిలబడి, పైనించి ఎవరిదో గొంతు విని కొయ్యబారిపోయింది. తరువాయి వచ్చే వారం. ఆ వచ్చే వారం నాలుగు వారాలకు గానీ రాలే. నాలుగు వారాలు ఆ పిల్ల మెట్ల మీదనే నిలబడింది! మా జేజి పొద్దన్నే లేచి మొగం కడుక్కుంటా అడిగేది, "ఇంగా దిగలేదంట్రా ఆ పాప?" అని. నువ్వైతే ఒక్క రాత్రిలో పది భాగాలు చూసేస్తావు. మేము నెల్లాళ్ళు ఆ పిల్లకు కాళ్ళు నొప్పి పుట్టింటాయేమోనని బాధపడినాం.

బస్సులు తిరగడం మొదలయినాక అద్దె పుస్తకాల అంగడి పట్టుకున్నాను. ప్రొద్దుటూరులో ఒక సందులో ఉండేది. ఐదు రూపాయలు డిపాజిట్టు, రోజుకు పది పైసలు బాడుగ. చేతిలో డబ్బులుంటే పక్కనే కారం దోసె. లేకపోతే దాని వాసన. ఎక్కువసార్లు వాసనే. అంగడాయన పుస్తకాలు విడిపోకుండా గోనెసంచి దారంతో దబ్బనం పెట్టి కుట్టేవాడు. ఆ కుట్టులోకి ప్రతి వరుసలో రెండక్షరాలు పోయేవి. "నేను నిన్ను ప్రే—" అని ఉంటే మిగతాది మనమే నింపుకోవాల. ఒకసారి ఒక పుస్తకంలో "విషం" అనే మాట కుట్టులో పడి, ఆ యమ్మ పాలు తాగి ఎందుకు చచ్చిందో నాకు రెండు దినాలు అర్థం కాలే. దీనికి తోడు ముందు చదివినోళ్ళ రాతలు. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే ఎవడో పుణ్యాత్ముడు పెన్సిలుతో, "హంతకుడు వంటవాడు" అని రాసి పెట్టినాడు. అట్లాంటోణ్ణి ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

డిటెక్టివ్ అంటే ఇంకోటి గుర్తొచ్చె. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు. అవి ఏడు చదివేసరికి నాకు ఊర్లో అందరూ అనుమానితులే. ఆ కరువులో విత్తనానికి దాచిన శెనక్కాయల మూట దినదినానికి తగ్గిపోతాంది. నేను యుగంధర్, మా చిన్నాయన కొడుకు రాజు. మూట చుట్టూ బూడిద చల్లి, తెల్లారి అడుగుల కొలతలు తీసుకుని, కాగితం మీద పటం గీసి, మూడు దినాలు పరిశోధన. కడపటికి ఆ అడుగులు పోయి మా అబ్బ మంచం కాడ ఆగె. ఆయన రేత్రిపూట దోసెడు దోసెడు తీసుకుపోయి బీడీలకు మారుస్తాండాడు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మేము పట్టినాం. పట్టి ఏం లాభం? "మీ నాయనకు చెప్తే కాళ్ళిరగ్గొడతా" అనె. యుగంధర్ కేసు మూసేసినాడు.

సరే, యాడికో పోతాండా. లెక్కపుస్తకం కదా చెప్పాల్సింది.

చదివినవన్నీ పేర్లతో రాయాలంటే కాగితం దండగ. అందుకని రాసినోళ్ళ పేరు, పక్కన అంకె, అంతే. కొవ్వలి 11, కొమ్మూరి 7, యద్దనపూడి 5, రంగనాయకమ్మ 2. ఆ చివర "పేరు లేదు 6" అని ఒకటి. అవి చందమామ సీరియళ్ళు. మా వీధిలో ఒకరింట్లో పాత సంచికల్లోంచి ఆ పేజీలు చించి బైండు చేయించి పెట్టుకున్నారు. తోకచుక్క, రాకాసిలోయ, అట్లాంటివి. వాటి మీద రాసినాయన పేరే ఉండేది కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం అని నాకు తెలిసేసరికి తల నెరిసింది.

ఒకనాడు మా నాయన బాకీలు చూసుకుందామని పుస్తకం తిరగేసినాడు. నన్ను పిలిచినాడు.

"ఎవుర్రా ఈ కొమ్మూరి?"

నేను గమ్మునున్నా.

"మననించి ఏడు మూటలు తీసుకున్నాడా? యద్దనపూడి ఐదు. ఇది మనిషా, ఊరా? ఈ పేరు లేనోడు ఆరు మూటలు ఎత్తుకపోతాంటే నువ్వు పేరైనా అడగలేదా?"

అవి మూటలు కాదు నాయనా, నవలలు అని చెప్పినాను. ఆయన చానాసేపు ఆ అంకెలకేసి చూసినాడు. బాకీలు వస్తాయనుకున్నాడేమో పాపం, కరువు దినాలు. కడకు, "చదవేస్తే ఉన్న మతి పోయిందంట" అని పుస్తకం మూసినాడు. కానీ ఆ పేజీ చింపలేదు అబ్బీ. ఆ తర్వాత ప్రొద్దుటూరుకు బయల్దేరినప్పుడల్లా, "యద్దనపూడి కాడికేనా?" అని పావలా చేతిలో పెట్టేవాడు.

యద్దనపూడి సులోచనారాణి అంటే ఆ దినాల్లో ఆడపిల్లలు బువ్వ మానేసేవోళ్ళు. నేను మాత్రం తక్కువ తిన్నానా? సెక్రటరీ చదివినప్పుడు రాజశేఖరం మాదిరి కారు దిగాలని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఎద్దులబండి దిగి చూసినాను. ఎవరూ చూళ్ళే, ఎద్దు తప్ప. ఆ నవలల్లో బంగళాలుంటాయి, గులాబీ తోటలుంటాయి. జొన్నసంగటి ఉండదు, ఊరిబిండి ఉండదు, వాన కోసం ఆకాశం చూసేవోడు ఉండడు. అప్పట్లో నాకది లోటనిపించలేదు. సంగటి ఇంట్లో ఉండనే ఉంది, పుస్తకంలో గూడా ఎందుకు?

మా ఐవారొకాయన ఉండేవాడు. నా చేతిలో పుస్తకం చూసినప్పుడల్లా మొగం చేదు చేసుకునేవాడు. ఒకనాడు ఇంటికి పిలిచి రావిశాస్త్రి అల్పజీవి చేతిలో పెట్టినాడు. దాంట్లో సుబ్బయ్య అని ఒక పిరికి గుమాస్తా. చదివినాక రెండు దినాలు నాకు బువ్వ సయించలే, ఆ సుబ్బయ్య నా మాదిరే ఉన్నాడే అని. దాంతోబాటు సంవేదన అనే పత్రిక పాత సంచికలిచ్చినాడు. అది రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో మొదలుపెట్టిన పత్రిక. ఆయనది యాడో కాదు, సింహాద్రిపురం పక్క పైడిపాలెం. ఇప్పుడు రిజర్వాయరు కట్టినారే, ఆ ఊరు. గిండీలో ఇంజనీరింగు మధ్యలో పోగొట్టుకుని వచ్చిన మనిషి. ఎంత పెద్ద రచయితనైనా ఒప్పు ఒప్పని, తప్పు తప్పని మొగం మీద చెప్పే విమర్శకుడు. మేము ఆ కరువులో అరుగు మీద కూర్చున్నప్పుడు ఆయన మాస్కోలో కూర్చుని రష్యను పుస్తకాలు తెలుగు చేస్తాండాడు. పైడిపాలెం యాడ, మాస్కో యాడ!

రంగశాయిపురం కేతు విశ్వనాథరెడ్డి గూడా అప్పటికి పదేండ్లుగా మన పల్లెల కతలే రాస్తాండాడు. నాకు తెలీనే తెలీదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అట్ల. కొవ్వలి కోసం రైలు బెంచీల కింద దూరినోణ్ణి, పక్క తాలూకా మనిషి రాసింది చూడలే. 1996లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినాక చదివినాను. చదివితే దాంట్లో మా నాయన ఉన్నాడు, మా ఎండిన చేను ఉంది. ఆ ఏడే చదివుంటే నాయనకు వినిపించి ఉందును. వింటే ఏమనేవాడో.

వినిపించడమంటే, అసలు కత ఇప్పుడొస్తాంది. ఆ మంట రోంత ఎగదొయ్.

మాయిటాల మా అరుగు మీద ఆడోళ్ళు చేరేవోళ్ళు. మా జేజి, ఎదురింటి పెద్దమ్మ, ఇంకో ఇద్దరు. చింతపండు గింజలు తీస్తా కూర్చునేవోళ్ళు. వాళ్ళకు చదువు రాదు. నేను లాంతరు పెట్టుకుని చదవాల, కూలికి ఉడకబెట్టిన అలసందలు. ఊరికే వినేవోళ్ళు కాదులే. హీరో తప్పు చేస్తే వాణ్ణి తిట్టి, వాణ్ణి కన్నోళ్ళను తిట్టి, చదివేవోణ్ణి గూడా తిట్టేవోళ్ళు.

జీవన తరంగాలు తెచ్చినాను. దాంట్లో ఒక తల్లి. మంచం పట్టింది, కొడుకు దొంగతనాలు మరిగి ఇల్లు విడిచి పోయినాడు. ఆ చలికాలం మా జేజిక్కూడా ఒంట్లో బాగలేదు. దగ్గుతా, దుప్పటి కప్పుకుని వినేది. ఆ తల్లికి జబ్బు ముదిరే కాడికి వచ్చేసరికి నాకు గొంతు పెగల్లే. ఏం చేసినానంటే, ఆ పేజీలు దాటేసి, డాక్టరును పిలిపించి, సూది వేయించి, బతికించేసినా. అంతటితో ఆగినానా? కొడుకును ఇంటికి తెచ్చి కాళ్ళ మీద పడేసినా. పెద్దమ్మ కండ్లు తుడుచుకుని అలసందలు ఇంకో దోసెడు పోసింది. ఆ దెబ్బతో, ఎవరు చచ్చేటట్టున్నా నేనే మందిచ్చి లేపేవాణ్ణి. ఆ ఏడు మా అరుగు మీద చావు లేదు.

అయితే 1973లో ఆ నవలను సినిమా తీసిరి. రామానాయుడు తీసినాడు, శోభన్‌బాబు, వాణిశ్రీ, కృష్ణంరాజు. ప్రొద్దుటూరుకు వచ్చిందని తెలిసి మా ఆడోళ్ళందరూ చిత్రాన్నం మూట కట్టుకుని బస్సెక్కిరి. నాకు గుండెలో రాయి పడె. ఆ సినిమాలో తల్లి చచ్చిపోతాది. పోలీసులు తరుముకొస్తాంటే తప్పించుకోవాలని కొడుకు ఒక పాడె కింద భుజం పెడతాడు, అది కన్నతల్లి పాడె అని వానికి తెలీదు. హాలంతా గొల్లుమనేది.

రేత్రి దిగిరి. పెద్దమ్మ వీధి మొగదల నించే కేకలు. నేను తప్పించుకునే లోపల పట్టుకునె.

"ఏం మనుషులురా వాళ్ళు! పుస్తకంలో సుబ్బరంగా లేచి తిరిగిన మనిషిని నిలువునా చంపినారు. సూది వేయించినారు గదరా డాక్టరుతో! చదవడం రానోళ్ళు సినిమా ఎందుకు తియ్యాల? నువ్వు చదివినోడివి, ఒక కార్డు ముక్క రాయి వాళ్ళకు."

నేను సరే పెద్దమ్మా అన్నాను. ఇంకేమంటాను?

జేజి మాత్రం ఒక్క మాట మాట్లాడలే. కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని, నన్ను దగ్గరికి రమ్మనె.

"ఆ పొద్దు నువ్వు ఒక్క తూరే నాలుగు ఆకులు తిప్పినావు," అనె మెల్లగా. "నాకు చదువు రాదుగానీ, ఎంచడం రాదా?"

అదిగో, కరెంటు వచ్చె. పడుకునే ముందు ఆ నిప్పుల మీద రోన్ని నీళ్ళు చల్లు అబ్బీ, గాలి లేచేటట్టుంది.