తులము – పలము – వీసె

రెండేండ్ల క్రిందట నందికొట్కూరులో మన సంఘీయులిరువురు ఒక పాత కాగితముతో మా యింటికి వచ్చిరి. ఒకడు అన్నగారి మనుమడు, రెండవవాడు చెల్లెలిగారి మనుమడు. ఆ యన్న 1951వ సంవత్సరమున చెల్లెలికి వ్రాసియిచ్చిన కాగితమది. నీ ఇరువది తులముల బంగారము మాయొద్ద భద్రముగ నున్నది, నీవుగాని నీ వారసులుగాని కోరినపుడు అప్పగింతుము అని దాని తాత్పర్యము. ఇచ్చుటలో తగవు లేదు. ఎంత యిచ్చుట యనునదియే తగవు. "అయ్యవారూ, తులమనగా పది గ్రాములే గదా?" యని అన్నగారి మనుమడడిగెను. అవునంటిమి. బడిలో ముప్పదియేండ్లు ఆలాగుననే చెప్పితిమి మరి.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. కాగితము 1951 నాటిది. మెట్రిక్ తూనికల చట్టము వచ్చినది 1956లో. క్రొత్త రాళ్లు కొన్ని తావుల అమలులోనికి వచ్చినది 1958 అక్టోబరు 1వ తేదీన. కాగితము వ్రాసిన చేయి గ్రామును ఎరుగదు. తెల్లవారగానే ఇరువురకును కబురంపి, నిన్నటి మా మాట తప్పని యొప్పుకొంటిమి.

1833లో కంపెనీవారు తులమును 180 గ్రెయినులుగ స్థిరపరచిరి. అది నేటి లెక్కకు పదకొండు గ్రాములును, ఒక గ్రాములో సుమారు మూడింట రెండుపాళ్లును అగును. వెండి రూపాయ బరువును అంతియే. కావుననే మన పెద్దలు రాళ్లు లేనిచోట త్రాసులో రూపాయలు వేసి తూచిరి. "రూపాయెత్తు" అను మాట అట్లు పుట్టినది. మెట్రిక్ వచ్చిన పిదప బజారువారు పది గ్రాములకే తులమను పేరు తగిలించిరి. పేరు నిలిచినది, బరువు తగ్గినది. ఇరువది తులములయందు ఈ తగ్గుదల ముప్పదిమూడు గ్రాములకు మించును. ఒక యాడపిల్లకు రెండు గాజులు!

ఇట్లు పేరొకటి బరువొకటి యగుట ఈనాటి వింత గాదు. సంస్కృతమున "తులా" యనగా నూరు పలములని అమరకోశము. అంత పెద్ద తూనిక పేరు మన తెలుగున గురిగింజలతో తూచు చిన్న తూనికకు వచ్చి చేరినది. మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయము గవాక్షమున ఎండలో కనబడు రేణువునుండి లెక్క నారంభించును. రేణువులు ఎనిమిది లిక్ష; ఆవగింజలను, యవలను దాటి, మూడు యవలు ఒక కృష్ణలము, అనగా మన గురిగింజ. అయిదు గురిగింజలు మాషము, పదునారు మాషములు సువర్ణము, నాలుగు సువర్ణములు పలము. గుణించిచూడగా పలమునకు 320 గురిగింజలు. మన పలము మూడు తులములు. తులమునకు 96 గురిగింజలను లెక్కన 288. ఇన్ని శతాబ్దములు గడచియు, ఇందరు రాజులు మారియు, పలము ఇంత దగ్గరగ నిలుచుట మాకు మిక్కిలి యాశ్చర్యము గొలుపుచున్నది. గురిగింజకు తన క్రింది నలుపు తెలియదందురు గాని, తన బరువు మాత్రము దానికి బాగుగ తెలియును!

పలమునుండియే మన యిండ్లలోని తూనికలు పుట్టినవి. అయిదు పలములు ఏబలము, పది పలములు పదలము, నలువది పలములు వీసె. వీసె యనగా 120 తులములు, నేటి లెక్కకు ఒక కిలోయు నాలుగువందల గ్రాములు. ఇరువదినాలుగు తులముల కచ్చా శేరులు అయిదైనను వీసెయే. మన పిల్లలు వీసెను వీసముతో కలిపివేయుచున్నారు. వీసము పదునారవ పాలు. "వీసమెత్తు అబద్ధము" అనుమాటలో నున్నది అది. చింతపండు, బెల్లము, మిరపకాయలు తూగినది వీసెలతో. ధాన్యమునకు కొలతయే గాని తూనిక లేదు. మానిక, కుంచము, తూము, పుట్టి యనునవి వేరు కథ.

ఎనిమిది వీసెలు మణుగు, ఇరువది మణుగులు బారువ. ఇది మద్రాసు రాజధాని లెక్క. అమరకోశమున ఇరువది తులలు భారమని యున్నది. బారువ యను మాట భారమునుండియే వచ్చినదని మా తలంపు. బరువు మారినను ఇరువది యను సంఖ్య చెక్కుచెదరలేదు. పుట్టికి ఇరువది తూములనుటలోను అదే సంఖ్య గదా.

అన్నిటికంటె ఎక్కువ మోసపుచ్చునది మణుగు. మన మణుగు 960 తులములు. రైలు రసీదులలోని మణుగు నలువది పక్కా శేరులు, అనగా 3200 తులములు. ఒకటి పదకొండు కిలోలపైచిల్లర, మరియొకటి ముప్పదియేడు కిలోలపైచిల్లర. తాతలనాటి ఖాతాపుస్తకములు తిరుగవేయువారు ఈ భేదము నెరుగనిచో, మూడురెట్లకు మించిన లాభమో నష్టమో ఊరక కనబడును. ప్రత్తి వ్యాపారులకు ఇట్టిది నేటికిని కలదు. వారు దూదికి ధర పలుకునది "క్యాండీ"కి. అది బొంబాయి క్యాండీ, 356 కిలోలు. మద్రాసు క్యాండీ యనబడిన మన బారువ అయిదువందల పౌనులకు కొంచెము తక్కువ, అనగా 224 కిలోలు.

కాగితము చదువునపుడు పేరును గాక కాలమును చూడవలెను. నందికొట్కూరు 1839 వరకు కర్నూలు నవాబుల యేలుబడిలోనిది, పిదప కంపెనీవారిది, అటుతరువాత కర్నూలు జిల్లాలోనిది, 2022 ఏప్రిలునుండి నంద్యాల జిల్లాలోనిది. పాత దస్తావేజులో కర్నూలు జిల్లా యని యున్నందున ఎవ్వరును పొలము విడిచిపెట్టరు. తులము విషయమున మాత్రము మనమేల విడిచిపెట్టవలెను?

ఒక మాట మనవారికి కష్టముగ నుండవచ్చును, అయినను చెప్పెదము. త్రాసులను రాళ్లను ఆరేసి మాసములకొకమారు రాజు పరీక్షింపవలెనని మనువును, నాలుగేసి మాసములకు ముద్ర వేయింపవలెనని కౌటిల్యుడును విధించిరి. అవసరము లేనిదే అట్టి విధులు పుట్టవు. కొనుటకొక రాయి, అమ్ముటకొక రాయి యుంచిన యంగళ్లు మా బాల్యమున లేకపోలేదు. 1951లో ఆ యన్న ఎవ్వరును అడుగకుండగనే బరువు వ్రాసి, సంతకము చేసి, చెల్లెలి చేతికిచ్చెను. ఆయనయు అంగడి నడిపినవాడే.

మా మాట విని అన్నగారి మనుమడు కొంతసేపు మౌనముగ నుండి, "మా తాత వ్రాసిన తులమే ఇచ్చెద"ననెను. ఆ వారములోనే కంసాలి యింట తూచిరి. ఇరువది తులములకు 233 గ్రాములును, పైన రెండు గురిగింజల యెత్తును వచ్చినది. చెల్లెలిగారి కుమార్తె, ఎనుబదియేండ్ల వృద్ధురాలు, తానే వచ్చి కూర్చుండెను. కంసాలి ఆ చిన్న తునకకై వెదకుచుండగా ఆమె, "అది ఉండనీ నాయనా, మా మేనమామ దాచిన కూలి" యని మూట కట్టుకొనెను.