మగ్గపు టట్టలును గణకయంత్రపు మొదటి గడియును

ఠాణానుండి భివండీకి పోవు మార్గమున కశేళీ వంతెన దాటిన పిమ్మట కాల్హేరు వచ్చును. ఈ ప్రాంతపు మరమగ్గములను తెలుగువారు సాంచాలందురు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి వలస వచ్చిన పద్మశాలీలు పెక్కుమంది వీనిపై పనిచేసిరి. ఇంట తెలుగు, బజారున హిందీ, కచేరీలో మరాఠీ వాడుకొను కుటుంబములకు ఒకే గణకయంత్రమున రెండు మూడు నిర్వహణవ్యవస్థలను నిలుపుట వింతగా తోఁపదు.

1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జోసెఫ్ మారీ జాకార్డు చిల్లులు గల అట్టలమాలను మగ్గమునకుఁ దగిలించెను. అట్టలు మార్చినచో అంచు మాఱును, మగ్గము మాఱదు. చార్లెస్ బాబేజీ తన గణనయంత్ర రచనకు ఈ యట్టలనే గ్రహించెను.

అయితే పోలిక యొకచోఁ దెగును. దింపిన అట్టలమాల గోడకు వ్రేలాడుచునే యుండును. క్రొత్తది దానిని చెఱుపదు. గణకయంత్రమున నట్లు గాదు. రెండు వ్యవస్థలును సాధారణముగా నొకే డిస్కుపై ప్రక్కప్రక్కల నుండవలెను. పాత పద్ధతిలో యంత్రము మేల్కొనఁగనే చదువునది ఆ డిస్కు మొదటి గడి. దాని పరిమాణము 512 బైట్లు. 1983లో ఐ.బి.ఎం. వారి పి.సి. డాస్ 2.0తో వచ్చిన యేర్పాటులో 446 బైట్లు ఆరంభపు టాజ్ఞలకు, 64 విభాగముల పట్టికకు, మిగిలిన 2 గుర్తునకు. పట్టికలో నాలుగు పంక్తులకే చోటు. ఇంత యిఱుకు గదిలో నొక్క గృహస్థునకే తావు! తరువాత స్థాపించిన విండోస్ ఆ గడిని తన యాజ్ఞలతో నింపుకొనఁగా, ముందున్న లినక్సు డిస్కుపై క్షేమముగా నుండియు చేరరానిదయ్యెడిది. అది పోయినదని భ్రమించి డిస్కును మరల విభజించినవానికి నిజముగనే పోవును.

ఈ చిక్కునకు 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ ‘లిలో’ను రచించెను. అది లినక్సు మూలభాగము డిస్కుపై నున్న స్థానములను ముందే వ్రాసికొనును. మూలభాగమును మార్చి లిలోను మరల నడుపుట మఱచినచో యంత్రము లేవదు. 1995లో ఎరిక్ బోలిన్ ఆరంభించిన ‘గ్రబ్’ ఫైళ్ల వ్యవస్థను స్వయముగా చదువఁ గలిగినందున ఆ బెడద తప్పెను.

తెలుగునాట నీ విషయము కేవల విలాసము గాలేదు. హైదరాబాదున ‘స్వేచ్ఛ’ సంస్థవారు 2005 ప్రాంతమున తెలుగులో పలుకు లినక్సు వ్యవస్థను సిద్ధపఱుపఁ బూనిరి. కాని అచ్చుకూటముల తెలుగు పనియెల్ల ‘అను’ లిపులపై, అనఁగా విండోస్‌పై, ఆధారపడి యుండెను; ఆ లిపులకు యూనికోడ్‌తో పొత్తు లేదు. విండోస్‌ను విడిచినచో జీవనోపాధి చెడెడిది. లినక్సును విడిచినచో స్వేచ్ఛవారి తెలుగు వ్యవస్థ దక్కకపోయెడిది. రెండును నిలుపుటయే గత్యంతరమయ్యెను.

2005లో నేర్పడిన యూఈఎఫ్ఐ సంఘమువారి పద్ధతిలో ప్రతి వ్యవస్థకును వేఱు ఫైలు లభించెను. మొదటి గడికై పోరు శమించెను. 2012లో విండోస్ 8తో ప్రచారమునకు వచ్చిన ‘సెక్యూర్ బూట్’ మాత్రము గుర్తింపు ముద్ర లేని వ్యవస్థను గడప దాఁటనీయదు.

ఇంకొక చిన్న తగవు కలదు. యంత్రములోని గడియారమును విండోస్ స్థానిక కాలముగాను, లినక్సు సాధారణముగా విశ్వకాలముగాను ఎంచును. అందుచే భారతదేశమున నొక వ్యవస్థనుండి మఱియొక దానికి మాఱినవానికి గడియారము అయిదున్నర గంటలు తప్పి కనఁబడును. లినక్సున ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ ఆజ్ఞతో స్థానిక కాలమునే గ్రహింపుమని చెప్పినచో నది సరిపడును.